ఓడెక్కిపోయిన మన వాళ్ళ ఆచూకీ

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగ పాఠం)



మా చోడవరం వైపు సంక్రాంతిని పెద్దపండగ అంటారు. అంటే పెద్దల పండగ అన్నమాట. ఇంట్లో పోయినవాళ్ళందరికీ కొత్తబట్టలు పెట్టి, పసుపు కుంకుమ చల్లి, వండినవన్నీ విస్తట్లో వడ్డించి దణ్ణం పెట్టుకున్నాకనే మనం కొత్తబట్ట కట్టుకోవాలి. నా చిన్నప్పుడు మా అమ్మమ్మ ఆ బట్టలన్నీ వరసగా పెట్టి, ఒక్క తువ్వాలు మాత్రం వేరేగా, గోడవారన పెట్టేది. "ఇది ఎవరికమ్మమ్మా? అందరితో పాటు ఎందుకు పెట్టలేదు?" అని అడిగాను ఒకసారి.

"మా చిన్నాన్న అప్పలస్వామిదే పాపా. నాకు నాలుగేళ్ళప్పుడు ఓడెక్కి ఎల్లిపోనాడు. మళ్ళీ కబురు లేదు. బట్ట పెడితే పోయినోళ్ళ లెక్కలో ఏసినట్టు. పెట్టకపోతే మరిసిపోయినట్టు. అందుకే పక్కన పెడతన్నాను" అంది.

ఆ మాట అప్పుడు నాకు అంతగా పట్టలేదు. అమ్మమ్మ పోయి నలభై ఏళ్ళు దాటింది. ఆ తువ్వాలు గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పుడు ఒకటే ఆలోచన. ఆ అప్పలస్వామి ఏ దేశం వెళ్ళి ఉంటాడు? అక్కడ ఆయనకి పెళ్ళీ పిల్లలూ కలిగారా? వాళ్ళూ మా కోసం వెతుకుతున్నారేమో! వెతికితే దొరుకుతామా? ఈ రోజు మీతో ముచ్చటించబోయేది ఆ వెతుకులాట గురించే. ఉత్తరాంధ్రలో చాలా ఇళ్ళల్లో ఇలాంటి తువ్వాలు ఒకటి ఉండే ఉంటుంది.

ముందు కొంచెం చరిత్ర చెప్పుకుందాం. బ్రిటిష్ ప్రభుత్వం తన వలసల్లో బానిసత్వం రద్దు చేస్తూ 1833లో చట్టం చేసింది. అది 1834లో అమల్లోకి వచ్చింది. బానిసలు పోయారు గానీ చెరకు తోటలు అలాగే ఉన్నాయి, తోటల దొరలూ అలాగే ఉన్నారు. పని చేసేవాళ్ళు కావాలి. అప్పుడు వాళ్ళ కన్ను మన దేశం మీద పడింది. అయిదేళ్ళు పని చేస్తానని ఒప్పుకుని వేలిముద్ర వేస్తే ఓడ ఖర్చులు వాళ్ళే పెట్టుకుంటారు, తిండిగింజలిస్తారు, నెలకింతని జీతమిస్తారు. ఆ అగ్రిమెంటు అన్న మాటే కూలీల నోట్లో నలిగి "గిర్మిట్" అయింది. ఫిజీలో నేటికీ ఆ పూర్వుల్ని గిర్మిటియాలనే అంటారు.

మొదట 1834 నుంచి మారిషస్‌కి పంపారు. కాకినాడ దగ్గర కోరంగి ఆ రోజుల్లో పేరుమోసిన రేవు. 1839లో వచ్చిన ఘోరమైన తుఫానుకి అది దెబ్బతినిపోయింది. అయినా ఆ పేరు మాత్రం సముద్రం దాటింది. మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువాళ్ళని కొరింగీలనే పిలిచేవారు. తర్వాత దక్షిణాఫ్రికాలోని నటాల్ వంతు. 1860లో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ ఆ ఏడు నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. అక్కణ్ణుంచి 1911 వరకూ నటాల్ వెళ్ళినవాళ్ళు లక్షా యాభై రెండు వేలకు పైనే. వాళ్ళలో ఎక్కువమంది మద్రాసు మీదుగా వెళ్ళిన మన దక్షిణాదివాళ్ళు. ఫిజీకి 1879 నుంచే ఓడలు మొదలైనా, మద్రాసు నుంచి 1903లో మొదలుపెట్టి 1916 వరకూ నడిపారు. అలా సుమారు పదిహేను వేలమంది దక్షిణాదివాళ్ళు వెళ్ళారు.

ఎందుకు వెళ్ళారంటారా? కడుపు కోసమండీ. 1896-97లో గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల్లో కరువు వచ్చింది. జమీందారీ పల్లెల్లో కూలివాడికి పంట పోతే ఇంక ఆధారం లేదు. 1893 నాటికి మన తీరం వెంబడి రైలు వచ్చింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన కూడా పూర్తయ్యాక వాల్తేరులో రైలెక్కినవాడు తిన్నగా మద్రాసులో దిగేవాడు. ఇంట్లో అత్తతో పోరుపడిన కోడలూ, అప్పు తీర్చలేని మగవాడూ, పెళ్ళికాని కుర్రాడూ అందరికీ ఆ రైలు ఒక దారి చూపించింది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. చోడవరం, అనకాపల్లి వైపు ఊళ్ళు చెరకు పంటకీ బెల్లానికీ పేరుపొందినవి. బెల్లం వండే పొయ్యి దగ్గర ఆడుకుంటూ పెరిగిన పిల్లలం మేము. ఈ చుట్టుపక్కల పల్లెలు విడిచిపెట్టి వెళ్ళిన మనిషికి సముద్రం అవతల దొరికిందీ చెరకు తోటే. కాకపోతే ఇక్కడ చెరకు నరికితే సాయంత్రం ఇంటికొస్తాం. అక్కడ దొర అనుమతి చీటీ లేకుండా తోట గట్టు దాటితే జైలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

కూలివాడు పారిపోతాడేమో, ఒకడి పేరు చెప్పి ఇంకొకడు వస్తాడేమో అని ప్రభుత్వానికీ దొరలకీ భయం. అందుకని ఓడ ఎక్కే ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి వివరాలన్నీ రాసేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు ఎన్ని అంగుళాలు, ఒంటిమీద గుర్తులేమిటి. కుడి చేతిమీద పచ్చబొట్టు ఉందనో, ఎడమ మోకాలి మీద మచ్చ ఉందనో అది కూడా రాసేవారు. ఫిజీ వెళ్ళేవాళ్ళకి ఒక్కొక్కరికీ ఒక్కొక్క పాసు ఉండేది. అందులో దగ్గరి బంధువు ఎవరు, పెళ్ళయితే ఎవరితో అయింది అని కూడా గళ్ళు ఉండేవి.

మనిషిని పట్టుకోవడానికి రాసిన కాగితాలవి. ప్రేమతో రాసినవి కావు. కానీ నూరేళ్ళు గడిచేసరికి చూడండి, ఆ కాగితమే మనవలకి తాతగారి ఊరు చూపించే దీపమైంది!

ఇది ఎంత అపురూపమో తెలియాలంటే ఐర్లండు సంగతి చెప్పుకోవాలి. అక్కడ 1845లో బంగాళాదుంప పంటకి తెగులు తగిలి మహా కరువు వచ్చింది. కొద్ది ఏళ్ళల్లో సుమారు పది లక్షలమంది చనిపోయారు, ఇంకో పది లక్షలకు పైగా ఓడలెక్కి అమెరికా మొదలైన చోట్లకి పోయారు. వాళ్ళ మునిమనవలు ఇప్పుడు ఐర్లండు వచ్చి, మా వాళ్ళది ఏ ఊరు అని వెతుకుతుంటారు. చాలామందికి ఇంటిపేరు తెలుసు, ఊరు తెలీదు. పోనీ పాత లెక్కలు చూద్దామంటే, 1922లో అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని రికార్డుల భవనం కాలిపోయి, పాత జనాభా లెక్కలు చాలావరకు బుగ్గయిపోయాయి. మన వాళ్ళ సంగతి దీనికి తిరగేసినట్టుంది. మన కూలీల కాగితాల్లో ఊరు ఉంది, ఇంటిపేరు లేదు.

ఇంటిపేరు లేకపోవడం చిన్న చిక్కు కాదండీ. మన పల్లెల్లో మనిషిని గుర్తుపట్టేది ఇంటిపేరుతో. "ఏ ఇంటి అప్పలస్వామి?" అంటారు. అక్కడ గుమస్తాకి ఇంటిపేరు అక్కర్లేదు. తండ్రి పేరు చాలు. దాంతో నటాల్‌లో తాత పేరో తండ్రి పేరో పిల్లలకి ఇంటిపేరైపోయింది. ఇప్పుడు అక్కడ అప్పల్‌సామి, అప్పల్‌రాజు అనే ఇంటిపేర్లు ఉన్నాయి. ఆ పేరు వినగానే మనకి తెలిసిపోతుంది కదా, ఇది సింహాచలం అప్పన్న పేరని! అప్పలస్వామి, సన్యాసి, సింహాచలం, పైడితల్లి, నూకాలమ్మ — ఈ పేర్లు వినబడితే ఆ వంశం ఉత్తరాంధ్రలో ఎక్కడో మొదలైందని నూటికి తొంభై పాళ్ళు అనుకోవచ్చు. వాళ్ళు తెలుగు మాట్లాడలేకపోయినా వాళ్ళ పేరు తెలుగు మాట్లాడుతోంది.

అయితే పేరు దొరికినంత మాత్రాన ఊరు దొరికినట్టు కాదు. మూడు నాలుగు జాగ్రత్తలు ఉన్నాయి.

మొదటిది, స్పెల్లింగు. చదువురాని మనిషి నోటితో చెబుతాడు, మన భాష రాని గుమస్తా ఇంగ్లీషులో రాస్తాడు. మా పల్లెల్లో చోడవరాన్ని సోడారం అనేవాళ్ళు ఉన్నారు. ఆ గుమస్తా చెవికి అది ఎలా వినబడిందో, ఏ అక్షరాలతో రాశాడో ఊహించుకోండి! అందుకని కాగితం మీద మాటని కంటితో చదవకూడదు. పైకి చదివి చెవితో వినాలి. అప్పుడు తెలుస్తుంది.

రెండోది, ఒకే పేరుతో ఊళ్ళు. చోడవరం ఒకటే అనుకుంటాం మనం. గోదావరి ఏజెన్సీలో ఇంకో చోడవరం ఉంది, ఇప్పుడు రంపచోడవరం అంటున్నాం. విజయవాడ దగ్గర కృష్ణ ఒడ్డున మరొకటి ఉంది. కాగితంలో ఊరు ఒక్కటే చూసి బయలుదేరితే, మా స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడికి వచ్చి మొక్కుకుని, తీరా తమ ఊరు ఇది కాదని తెలుసుకునే ప్రమాదం ఉంది. జిల్లా, తాలూకా, ఊరు మూడూ కలిపి చూడాలి.

మూడోది, జిల్లాల మార్పు. ఆనాటి విశాఖపట్నం జిల్లా ఇప్పటిది కాదు. జయపురం, కోరాపుట్ కూడా అందులోనే ఉండేవి. అవి 1936లో ఒరిస్సాలో కలిశాయి. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలు ఏర్పడ్డాయి. 2022లో చోడవరం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. కాబట్టి నూరేళ్ళనాటి కాగితంలో "విశాఖపట్నం జిల్లా" అని ఉంటే అది ఇప్పటి చాలా జిల్లాల్లో ఎక్కడైనా కావచ్చు.

నాలుగోది, అబద్ధం. అవునండీ, కావాలనే అబద్ధం చెప్పినవాళ్ళూ ఉంటారు. కులం మార్చి చెప్పినవాళ్ళు, అప్పులవాళ్ళు వెతుక్కుంటూ వస్తారని ఊరు మార్చి చెప్పినవాళ్ళు. అలాంటి మనిషి దొరకడు. తప్పు పట్టకండి, దొరక్కుండా పోవాలనే వాళ్ళు వెళ్ళారు.

ఇప్పుడు ఆడవాళ్ళ సంగతి. ఇది మనం ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

నటాల్‌కైనా ఫిజీకైనా వంద మంది మగవాళ్ళకి నలభై మంది ఆడవాళ్ళు ఉండాలని నిబంధన పెట్టారు. అందుకని ఓడ ఓడలోనూ మన ఆడవాళ్ళు ఉన్నారు. భర్తతో వెళ్ళినవాళ్ళున్నారు, ఒంటరిగా వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో వితంతువులు, మొగుడు వదిలేసినవాళ్ళు, పుట్టింట చోటులేనివాళ్ళు. నటాల్ తోటల్లో మగవాడికి మొదటి ఏడు నెలకి పది షిల్లింగులు ఇస్తే, ఆడమనిషికి అందులో సగం. తిండిగింజలూ సగమే. అగ్రిమెంటు అయిపోయాక కూడా విడిచిపెట్టలేదు. 1895లో చేసిన చట్టంతో, గడువు తీరాక ఆ దేశంలో ఉండిపోయినవాళ్ళ మీద తలకి ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేశారు. కొన్నాళ్ళకి పదమూడేళ్ళు దాటిన ఆడపిల్లలు కూడా కట్టాల్సి వచ్చింది. 1913లో ఒక న్యాయమూర్తి, క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళిళ్ళు అక్కడి చట్టానికి పెళ్ళిళ్ళు కావన్నట్టు తీర్పు చెప్పాడు. తాళి కట్టించుకున్న ఇల్లాలు ఒక్కరోజులో ఏమీ కానిదైపోయింది! గాంధీగారు నడిపిన సత్యాగ్రహంలో ఆ ఏడు ఆడవాళ్ళు జైలుకి వెళ్ళడానికి ఇది ఒక ముఖ్య కారణం. 1914లో ఆ పన్నూ పోయింది, పెళ్ళిళ్ళకి గుర్తింపూ వచ్చింది.

ఇలా వెళ్ళిన ఆడమనిషి గురించి ఇక్కడ ఇంట్లో ఏం చెప్పుకుని ఉంటారు? మగవాడు వెళితే "ఓడెక్కాడు" అంటారు. ఆడది వెళితే "నూతిలో పడింది", "ఎటో పోయింది" అని ఊరుకుంటారు. ఆ తర్వాత ఆ పేరు ఎత్తరు. మన వంశవృక్షాలు తీసి చూడండి. తాత, ముత్తాత, వాళ్ళ అన్నదమ్ములు ఉంటారు. ఆడపడుచుల పేర్లు ఎన్ని ఉన్నాయి? కానీ ఓడ లెక్కలో ఆమెకి ఒక నంబరుంది, పేరుంది, తండ్రి పేరుంది, ఊరుంది, చెంపమీద పుట్టుమచ్చ ఉంది. మనం రాసుకోని ఆడపిల్లని ఆ దొరల గుమస్తా రాశాడు. ఇది నాకు చాలా సిగ్గనిపించింది.

రంగం వెళ్ళినవాళ్ళ కథ వేరు. మనవాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. విశాఖపట్నం, భీమిలి, కాకినాడ, కళింగపట్నం రేవుల్లో స్టీమరు ఎక్కి బర్మా వెళ్ళడం మన తీరంలో మామూలు విషయం. దానికి గిర్మిట్ లేదు. మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, తీసుకెళతాడు, రేవులోనో బియ్యం మిల్లులోనో పనికి పెడతాడు. తాలూకా, ఊరు, పుట్టుమచ్చ రాసిన పట్టీ లేదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో పని దగ్గర తగాదా వచ్చి తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1941 డిసెంబరులో జపాన్‌వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక వేలూ లక్షల మంది అడవుల్లో కొండల్లో పడి నడిచి వచ్చారు. దారిలో ఎంతోమంది పోయారు. మిగిలినవాళ్ళలో చాలామంది 1964 ప్రాంతంలో, అక్కడి సైనిక ప్రభుత్వం వ్యాపారాలన్నీ స్వాధీనం చేసుకున్నాక, కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చిందే. మీ ఇంట్లో "రంగం పోయాడు" అన్న మాటుంటే ఓడ పట్టీల కోసం వెతక్కండి. పాత ట్రంకుపెట్టెలో ఉత్తరాలు, మనియార్డరు రసీదులు, స్టూడియో ముద్ర ఉన్న ఫొటోలు వెతకండి.

మిగతా దేశాల కాగితాలు ఇప్పుడు ఎక్కడున్నాయంటారా? నటాల్ ఓడల పట్టీలు డర్బన్‌లో ఉన్నాయి. అక్కడి విశ్వవిద్యాలయంవారు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి అందరికీ అందుబాటులో పెట్టారు. ఫిజీ పాసులు సువా నగరంలోని జాతీయ పురావస్తు భాండాగారంలో ఉన్నాయి. మారిషస్‌వి మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. అక్కడ ఆనాటి కూలీల ఫొటోలు కూడా ఉన్నాయి. ఆ కూలీలు దిగిన పోర్ట్ లూయీ రేవులోని అప్రవాసీ ఘాట్‌ని 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. ఈ కాగితాలకి ఇప్పుడు ఉత్త సెంటిమెంటే కాదు, విలువ కూడా వచ్చింది. మారిషస్‌లోని భారత సంతతివాళ్ళకి ఏడో తరం వరకూ ప్రవాస భారతీయుల కార్డు ఇస్తామని మన రాష్ట్రపతి 2024లో ఆ దేశం వెళ్ళినప్పుడు ప్రకటించారు. పూర్వుడు ఫలానా దేశంవాడని చూపించాలంటే మళ్ళీ ఆ కాగితమే కావాలి కదా!

మనవాళ్ళు అక్కడ అంతా మరిచిపోయారనుకోకండి. మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వం సెలవు ఇస్తుంది. దక్షిణాఫ్రికాలో 1931 నుంచి ఆంధ్ర మహాసభ ఉంది. రామభజనలు నేటికీ చేసుకుంటారు. అర్థం పూర్తిగా తెలియకపోయినా తెలుగు మాటలు పాడుకుంటారు. వాళ్ళ సగం వాళ్ళు దాచుకున్నారు. మరి మన సగం?

నిజం చెప్పనా? ఈ వెతుకులాటలో వాళ్ళ దగ్గర ఉన్నది చీటీలో ఒక ముక్క. ఊరు, తండ్రి పేరు, ఏడు, నంబరు వాళ్ళ దగ్గర ఉన్నాయి. రెండో ముక్క మన దగ్గర ఉంది. ఇంటిపేరు, అన్నదమ్ముల పేర్లు, ఎవరు ఎప్పుడు ఇల్లు విడిచి వెళ్ళారన్న మాట. వాళ్ళ ముక్క కాగితం మీద ఉంది కాబట్టి నిలిచింది. మనది ముసలమ్మల నోట్లో ఉంది. వాళ్ళతోనే పోతోంది.

మా సంగతే చూడండి. మా అమ్మమ్మ చిన్నాన్న వెళ్ళిన రోజుల్లో నటాల్ తలుపు తెరిచే ఉంది, ఫిజీ తలుపు తెరిచే ఉంది, రంగం స్టీమర్లు నడుస్తూనే ఉన్నాయి. పట్టీల్లో అప్పలస్వాములు కోకొల్లలు. వాళ్ళలో మా అప్పలస్వామి ఎవరో తేల్చాలంటే ఆయన తండ్రి పేరు కావాలి. అంటే మా అమ్మమ్మ తాత పేరు. అమ్మమ్మకి తప్పకుండా తెలిసి ఉంటుంది. నేను పదిహేనేళ్ళు ఆవిడ పక్కలో పడుకున్నాను. కథలు చెప్పమని వేధించాను. ఆ ఒక్క పేరు అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆ తరంవాళ్ళు ఎవరూ లేరు.

అందుకని మిమ్మల్ని ఒకటి కోరుకుంటున్నాను. మీ ఇంట్లో ఎనభై దాటిన అత్తగారో, అమ్మమ్మో, పెద్దమ్మో ఉంటే ఈ వారమే దగ్గర కూచోండి. పప్పు బాగుచేస్తూనో, పువ్వులు కడుతూనో అడగండి. మీ తాతగారి పేరేమిటి? ఆయనకి ఎంతమంది పిల్లలు? ఆడపిల్లలు ఎవరెవరు? వాళ్ళలో ఊరు విడిచి వెళ్ళి తిరిగి రానివాళ్ళు ఎవరైనా ఉన్నారా? అప్పటికి ఇల్లు ఏ ఊళ్ళో ఉండేది? ఈ అయిదూ చాలు. "పాత గొడవలు ఎందుకే" అంటారు. ఒకటికి రెండుసార్లు అడగండి. చెప్పింది చెప్పినట్టు పాలవాడి లెక్కలు రాసే పుస్తకంలోనైనా సరే రాసిపెట్టండి. ఆడవాళ్ళ పేర్లు మాత్రం వదలకండి. తర్వాత ఆ ఓడల పట్టీలు ఎలా చూడాలో మీ పిల్లలు సెల్‌ఫోన్‌లో వెతికి చూపిస్తారు. ఆ పని వాళ్ళకి వదిలెయ్యండి. ఆ పేర్లు అడిగి రాబట్టడం మాత్రం మీవల్లే అవుతుంది.

ఎప్పుడో ఒకనాడు డర్బన్ నుంచో సువా నుంచో ఒక పిల్ల కాగితం పట్టుకుని మీ వీధిలోకి రావచ్చు. మన మాట రాదు. పేరు మాత్రం అప్పల్‌సామి అంటుంది. "ఏ ఇంటివాళ్ళమ్మా?" అని మీరు అడుగుతారు. ఆ పిల్లకి తెలీదు. ఆ జవాబు మీ పుస్తకంలో ఉండాలి.

మొన్న పెద్దపండక్కి నేనూ గోడవారన ఒక తువ్వాలు పెట్టాను.